ముసలి తీగ మిగలని నేల

ద్రాక్ష తీగను ముసలిదని పిలవాలంటే దానికి 35 ఏళ్లు నిండాలి. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2024లో తేల్చిన లెక్క ఇది. నాటిన కాలానికి కాగితం మీద ఆధారం ఉండాలి. ఒక తోటలో నూటికి 85 తీగలు అంత వయసువైతే దాన్ని ముసలి తోట అనవచ్చు. అలాంటి తోటల పండ్లు కలిపి చేసిన రెడ్ వైన్ సీసాల మీద తీగల వయసును గర్వంగా అచ్చు వేసుకుంటారు. కొనేవాళ్లు కూడా ఆ వయసుకే ఎక్కువ ధర పెడతారు.

ఈ లెక్క మన నేలకు వేసి చూస్తే గుండె బరువెక్కుతుంది. 1970ల్లో, 80ల్లో హైదరాబాద్ చుట్టూ, ఉమ్మడి మెదక్ జిల్లాలో నాటిన ద్రాక్ష తీగలు ఇవాళ బతికుంటే అవన్నీ ముసలి తీగలే. సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట నుంచి పట్నం పోయే మనిషి సిద్దిపేటలో రాజీవ్ రహదారి ఎక్కి ప్రజ్ఞాపూర్, ములుగు, శామీర్‌పేట, తూంకుంట, అల్వాల్ దాటుకుంటూ సికింద్రాబాద్ చేరతాడు. ఆ దారి చివరి భాగమంతా ఒకప్పుడు అంగూర్ తోటల సీమ. ఇప్పుడు అటూ ఇటూ అపార్టుమెంట్లు, ఫంక్షన్ హాళ్లు, వెంచర్ల కమాన్లు. ఎండాకాలం మొదట్లో సిద్దిపేట బజారులో బండ్ల మీద అమ్మే ద్రాక్ష చాలామటుకు మహారాష్ట్ర నుంచి వచ్చినదే. మనది కాని పండును మనం కొనుక్కు తింటున్నాం. మనదైన పండు ఎట్లా పోయిందో చెప్పుకోవడానికే ఈ గాథ.

ముందుగా, ముసలి తీగకు అంత విలువ ఎందుకో చూడాలి. తీగ ముదిరేకొద్దీ కాపు తగ్గుతుంది, గుత్తులు పలచబడతాయి. మొదలు లావెక్కి, మెలికలు తిరిగి, బెరడు పొరలు పొరలుగా ఊడుతుంది. వేళ్లు మాత్రం లోతుకు దిగుతూనే ఉంటాయి. ఒక ఏడాది వాన మొహం చాటేసినా అది లేత తీగలా వెంటనే తల వాల్చదు. మొదట్లోనూ వేళ్లలోనూ ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పిండిపదార్థం కష్టకాలంలో అక్కరకొస్తుంది. కాసే నాలుగు గుత్తుల్లోనే సారమంతా చేరుతుందని వైన్ చేసేవాళ్లు నమ్ముతారు. బరువు తూచి కొనే వ్యాపారికి ఆ తీగ దండగ. రుచి ఎరిగినవాడికి అదే పండగ.

ద్రాక్షలో చాలా రకాలకు రసం దాదాపు రంగు లేనిదే. ఎరుపంతా తొక్కలో ఉంటుంది. అందుకే రెడ్ వైన్ చేసేటప్పుడు రసాన్ని తొక్కలతో కలిపే పులియబెడతారు. ఏ ఒక్క రకంలోనూ అన్ని గుణాలూ కుదరవు. ఒకటి రంగు ఇస్తే ఒకటి పులుపు, ఇంకొకటి వగరు ఇస్తుంది. కాలిఫోర్నియాకు వలస వచ్చిన పాతకాలపు రైతులు ఒకే చెలకలో జిన్‌ఫాండెల్, పెటీ సిరా, కారిన్యాన్, అలికాంటె బూషె తీగలను కలగలిపి నాటుకున్నారు. అలికాంటె బూషెకు లోపలి గుజ్జు కూడా ఎర్రనే. నాలుగు రకాలనూ ఒకేసారి కోసి ఒకే తొట్టిలో పులియబెట్టేవారు. అట్లా ఆ కలయిక తోటలోనే జరిగిపోయేది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్య నిషేధం నడిచింది. ఇళ్లలో సొంతానికి కొంత చేసుకోవడానికి వెసులుబాటు ఉండడంతో ఆ తోటల్లో కొన్ని పడిపోకుండా నిలిచాయి. నూరేళ్లు దాటిన ఆ తీగల పండ్లతో ఇప్పటికీ అదే తీరున రెడ్ వైన్ చేస్తున్నారు.

స్లొవేనియా దేశంలోని మారిబోర్ పట్టణంలో ఒక ఇంటి గోడను పట్టుకుని నాలుగు వందల ఏళ్లు దాటిన తీగ ఒకటుంది. ఎర్ర ద్రాక్ష కాస్తుంది. ఏటా కొన్ని పదుల కిలోల పండే వస్తుంది. దాంతో చేసిన వైన్‌ను చిన్న చిన్న సీసాల్లో నింపి, ఆ పట్టణానికి వచ్చే పెద్ద అతిథులకు కానుకగా ఇస్తారు. యుద్ధాలను, తెగుళ్లను దాటుకొచ్చిన ఆ ఒక్క తీగకు ఊరంతా కాపలా.

ఆస్ట్రేలియా కథ మనకు మరీ దగ్గరిది. బరోసా లోయలో 19వ శతాబ్దంలో నాటిన షిరాజ్ తీగలు ఉండేవి. 1980ల నడుమ అక్కడ ద్రాక్షకు ధర పడిపోయింది. పండు ఎక్కువై కొనేవాడు లేకుండా పోయాడు. తీగలు పీకేసుకుంటే డబ్బిస్తామని ప్రభుత్వమే పథకం పెట్టింది. వందేళ్ల తీగలు ట్రాక్టర్ల కింద పోయాయి. పీటర్ లేమన్, రాబర్ట్ ఓ కల్లహన్ వంటి వైన్ తయారీదారులు కొందరు రైతులకు అండగా నిలబడి, వాళ్ల పండు కొని, కొన్ని తోటలను కాపాడారు. పాతికేళ్లు తిరగకముందే ఆ మిగిలిన తీగల పండు ఆ దేశంలోనే విలువైన పండ్లలో ఒకటైంది. 2009లో బరోసా వాళ్లు తీగల వయసుకు పట్టిక రాసుకున్నారు. 35 ఏళ్లకు ఒక పేరు, 70కి ఒకటి, 100కి ఒకటి, 125 దాటితే ‘పూర్వీకులు’. పోగొట్టుకున్నాక అయినా వాళ్లకు మేలుకునే అదృష్టం దక్కింది. మనకు ఆపాటిది కూడా దక్కలేదు.

దక్కన్‌కు ద్రాక్ష కొత్తది కాదు. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు మార్చినప్పుడు తీగ కూడా దక్షిణానికి దిగిందని చెబుతారు. ఆ కాలంలోనే దేశం తిరిగిన ఇబ్న్ బతూతా దౌలతాబాద్ ద్రాక్ష గురించి, దానిమ్మ గురించి రాసిపెట్టాడు. మన హైదరాబాద్‌కు పేరు తెచ్చిన రకం మాత్రం చాలా తర్వాత వచ్చింది. అనాబ్-ఎ-షాహి అనే ఆ రకాన్ని 19వ శతాబ్దం చివర అబ్దుల్ బాకర్ ఖాన్ నగరానికి తెచ్చాడని తోటల పెంపకం చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. 20వ శతాబ్దం తొలినాళ్లలో నిజాం ఆదరణ దొరికింది. దేవిడీల పెరళ్ల నుంచి మెల్లగా రైతు చెలకల్లోకి నడిచింది.

అది చూడముచ్చటైన పండు. కోలగా, బొద్దుగా, లోపల గింజతో, బాగా పండితే తేనె రంగు తిరిగేది. నీళ్లు, ఎరువు అందితే విరగకాసేది. హెక్టారుకు సగటున 35 టన్నుల దాకా, అంటే ఎకరానికి 14 టన్నులు. చెలక నేలల్లో జొన్నలు, ఆముదాలు పండించుకున్న కుటుంబాలకు అది నమ్మశక్యం కాని పంట. హైదరాబాద్, రంగారెడ్డి, మహబూబ్‌నగర్, మెదక్, అనంతపురం జిల్లాలు దేశపు ద్రాక్ష పటంలో చోటు సంపాదించాయి. శంషాబాద్, హయత్‌నగర్, ఘట్‌కేసర్, కీసర, మేడ్చల్, శామీర్‌పేట దిక్కున పందిళ్ల కింద మధ్యాహ్నం కూడా ఎండ పడేది కాదు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం వెలిసింది.

అంగూర్ తోట పెట్టడం ఆషామాషీ పని కాదు. ముందు రాతి కడీలు పాతాలి. వాటి మీద అడ్డంగా, నిలువుగా జీఐ తీగలు లాగి పందిరి అల్లాలి. ద్రాక్ష తీగను ఒంటి మొదలుగా పందిరి ఎత్తుకు తెచ్చి, అక్కడ నాలుగు దిక్కులా చేతులు చాపించాలి. చలిదేశాల్లో ద్రాక్ష శీతకాలమంతా ఆకురాల్చి నిద్రపోతుంది. మన వేడికి ఆ నిద్ర ఉండదు. అందుకే మన దగ్గర ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒకే కాపు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు తీగను పెంచడానికి, అక్టోబర్‌లో రెండోది పండ్ల కోసం.

ఆ రెండు కత్తిరింపుల నడుమ ఒక చిన్న కన్ను లోపల జరిగేది చూడగలిగితే ఈ పంట మీద గౌరవం పుడుతుంది. ఏప్రిల్‌లో కోసిన కొమ్మల నుంచి కొత్త చిగుళ్లు లేస్తాయి. ఆకు కాడ మొదట్లో బియ్యపుగింజంత కన్ను ఏర్పడుతుంది. ఆ కన్ను లోపలే, కత్తిరించిన 40 నుంచి 60 రోజుల్లో, వచ్చే ఏటి గుత్తి రూపు దిద్దుకుంటుంది. పైకి ఏమీ కనిపించదు. ఆ రోజుల్లో తీగకు వెలుతురు సరిగా సోకకపోయినా, పోషణ తప్పినా గుత్తి కావలసినది నులితీగగా మారిపోతుంది. తప్పు జరిగిందని రైతుకు అక్టోబర్ కత్తిరింపు తర్వాత చిగురు విప్పినప్పుడే తెలుస్తుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు. మార్చిలో మనం నోట్లో వేసుకునే ప్రతి పండు తలరాత కిందటి ఎండాకాలంలోనే రాసి ఉంటుంది.

ఇక తెగుళ్లు. అనాబ్-ఎ-షాహికి బూజు తెగులు మహా శత్రువు. మబ్బు పట్టి నాలుగు రోజులు ముసురు పడితే ఆకుల అడుగున తెల్లటి బూజు పాకేది. తేమ ఎక్కువైతే పక్షికన్ను తెగులు, చలి పొద్దుల్లో బూడిద తెగులు, పండు తయారయ్యే వేళకు పిండినల్లి. బూజుకు, పక్షికన్నుకు విరుగుడుగా ప్రతి తోటలోనూ నీలి రంగు పట్టిన డ్రమ్ములు ఉండేవి. కిలో మైలుతుత్తం ఒక దాంట్లో, కిలో సున్నం ఇంకో దాంట్లో నానబెట్టి, కలిపి వంద లీటర్లు చేస్తే ఒక శాతం బోర్డో మిశ్రమం తయారు. కలిపాక అందులో ఇనుప కత్తి ముంచి చూడాలి. కత్తికి రాగి రంగు పడితే సున్నం చాలలేదన్నమాట. అట్లాగే కొడితే ఆకు మాడిపోతుంది. ఇంకొంచెం సున్నం నీళ్లు పోసి మళ్లీ ముంచాలి. 1880ల్లో ఫ్రాన్స్‌లోని బోర్డో తోటల్లో పుట్టిన మందు అది. బడిమెట్లు ఎక్కని మన రైతులు కూడా ఇనుప కత్తి చూపే సాక్ష్యంతో దాన్ని తప్పు లేకుండా తయారుచేశారు. ఆ నేర్పు ఒక తరం చేతుల్లో పుట్టి, ఆ చేతులతోనే పోయింది.

పతనం ఒక్క రోజులో రాలేదు, ఒక్క దిక్కు నుంచీ రాలేదు.

మొదట నీళ్లు పోయాయి. మనది నల్లరాతి పీఠభూమి. నేల కింద రాతి పగుళ్లలో ఊరే నీరే గతి. మోటబావుల కాలంలో ఊట ఎంత ఉంటే అంతే తోడుకునేవారు. కరెంటు మోటార్లు, బోర్లు వచ్చాక ఆ అదుపు పోయింది. ఒక బోరు ఎండితే దాని పక్కన ఇంకో బోరు, అది ఎండితే అప్పు చేసి మూడోది. ద్రాక్షకు ఏడాది పొడుగునా నీళ్లు కావాలి. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత, సరిగ్గా కన్ను లోపల గుత్తి తయారయ్యే రోజుల్లో, మన ఎండలు మండిపోతాయి, బోర్లు వట్టిపోతాయి. వరి ఒక పంట పోతే మరో పంటకు చూసుకోవచ్చు. తోట ఎండితే పదేళ్ల పెట్టుబడి ఎండినట్టే. లోతుకు పోయినకొద్దీ వచ్చే నీళ్లలో ఉప్పు పెరిగి ఆకుల అంచులు మాడడం మొదలైంది.

వేళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పేనులాంటి పురుగు ఫ్రాన్స్ తోటల వేళ్లను తినేసి, ఆ దేశపు ద్రాక్ష సాగును కుప్పకూల్చింది. చివరికి అమెరికా అడవి జాతుల వేరుమొక్క మీద తమ రకాలను అంటుకట్టి వాళ్లు బయటపడ్డారు. ఆ విద్యే ఇంకో అవసరానికి మహారాష్ట్ర రైతులకు అక్కరకొచ్చింది. కరువును, ఉప్పు నీటిని తట్టుకునే డాగ్‌రిడ్జ్ అనే వేరుమొక్క మీద వాళ్లు తమ ద్రాక్షను అంటుకట్టుకుని 1990ల నుంచి నిలదొక్కుకున్నారు. మన పందిళ్ల కింది అనాబ్-ఎ-షాహి చాలామటుకు సొంత వేళ్ల మీదే నిలబడింది. నేల ఎండినప్పుడు దాన్ని ఆదుకునే రెండో వేరు లేకపోయింది.

ఆ తర్వాత గింజ శాపమైంది. థాంప్సన్ సీడ్‌లెస్, దాని నుంచి మహారాష్ట్రలో ఎంపికైన తాస్-ఎ-గణేష్, సోనాక వంటి గింజలేని రకాలు బజారుకు వచ్చాయి. పిల్లలు గింజ ఊసే పండును పక్కన పెట్టారు. వాళ్ల వెంట పెద్దలూ అలవాటు మార్చుకున్నారు. మహారాష్ట్ర రైతులు సహకార సంఘాలుగా కూడి 1991లో మహాగ్రేప్స్ పెట్టి ఐరోపాకు ఎగుమతి మొదలెట్టారు. 1997లో పుణె దగ్గర మంజరిలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం వచ్చింది. పంట, పరిశోధన, బజారు మూడూ అక్కడ ఒక్కచోట కుదురుకున్నాయి. ఇక్కడ ఎవరి తోట వాళ్లదే, ఎవరి నష్టం వాళ్లదే అయింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకొచ్చిన పందిరి మీద ఒక్క సాయంత్రం వడగళ్లు పడితే ఆ ఏడాది చేతికి మిగిలేది అప్పు పత్రమే.

బజారులో పోని పండుకు ఇంకో దారి ఉండి ఉంటే కొన్ని తోటలైనా నిలిచేవేమో. ప్రపంచంలో ద్రాక్ష పండే చాలా సీమల్లో ఆ దారి రసం, ఎండు ద్రాక్ష, వైన్. గోల్కొండ పేరుతో రెడ్ వైన్ ఒకప్పుడు సీసాల్లో అమ్ముడైన మాట పాతవాళ్లకు గుర్తుండవచ్చు. కానీ మన రైతుకూ వైన్‌కూ గట్టి బంధం కుదరలేదు. అనాబ్-ఎ-షాహి తెల్ల జాతి, తినే పండు. దానితో ఎర్ర వైన్ రాదు. రెడ్ వైన్ కావాలంటే దాని పక్కన బెంగళూరు బ్లూ వంటి నల్ల ద్రాక్షో, భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1990ల్లో విడుదల చేసిన, గుజ్జు కూడా ఎర్రగా ఉండే పూసా నవరంగ్ వంటిదో నాటుకోవాలి. రెండు మూడు రకాలు కలిపి నాటి, అవి ముదిరేదాకా ఓపిక పట్టి, వాటి పండు కొనే కర్మాగారం దగ్గర్లో ఉండాలి. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష శుద్ధి పరిశ్రమకు ప్రత్యేక విధానం తెచ్చింది. కర్ణాటక 2007లో తెచ్చింది. నాసిక్‌లో కొత్తగా వైన్ ద్రాక్ష నాటుతున్న ఆ ఏళ్లలోనే హైదరాబాద్ చుట్టూ పాత పందిళ్లు కూలుతున్నాయి.

ఈ మాట రాస్తూ ఇంకో మాట మరవలేను. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1990ల మొదట్లో సారా మీద చేసిన పోరాటం ఈ రాష్ట్రాల చరిత్రలో పెద్ద ఘట్టం. ఆ పోరాటం ఫలితంగానే 1995లో ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలింది. తాగుడు ఎన్ని ఇళ్ల దీపాలు ఆర్పిందో తెలంగాణ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. వైన్ దుకాణాలు పెరగాలని నేను కోరను. ఎంత తాగారన్నది కాదు నా దుఃఖం. ఒక చెట్టుకు వయసు పెరిగేకొద్దీ విలువ పెరిగే సాగు లోకంలో ఉండగా, మన నేల మీద దానికి చోటు దొరకకుండానే పోయింది కదా అన్నదే నా దుఃఖం.

ఆఖరి దెబ్బ భూమి ధర. ఎకరమంటే 4,840 గజాలు. అంగూర్ రైతు ఆ ఎకరాన్ని టన్నుల్లో లెక్కించేవాడు. పట్నం దగ్గరికి వచ్చినకొద్దీ లెక్క గజాల్లోకి మారింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పడింది. శంషాబాద్, ఘట్‌కేసర్, కీసర, శామీర్‌పేట, మేడ్చల్, ఒకనాటి ద్రాక్ష ఊళ్లే, దాదాపు అన్నీ ఆ రోడ్డు అంచుకు వచ్చాయి. ఎండిన బోరు, గింజ ఉన్న పండు, వడగళ్ల భయం ఒకవైపు. జన్మలో చూడనంత డబ్బు ఇంకోవైపు. కూలీలు కూడా భవనాల పనికి పోయి కత్తిరింపుకు మనిషి దొరకని రోజులవి. ఆ స్థితిలో తోట తీసేసిన రైతును తప్పుపట్టే హక్కు మనలో ఎవరికీ లేదు. వట్టిపోయిన ఆవును కసాయికి తోలేటప్పుడు రైతు ఎంత ఏడుస్తాడో, పందిరి మీది తీగను మొదలంటా నరికించినప్పుడూ అంతే ఏడ్చి ఉంటాడు.

తీగ పోయినా కడీలు వెంటనే పోలేదు. కొన్నాళ్లు ప్లాట్ల హద్దు రాళ్లుగా, పశువుల కొట్టాలకు గుంజలుగా పనికొచ్చాయి. జీఐ తీగలు పాత ఇనుము బండ్లకెక్కాయి. మొద్దులు పొయ్యిలోకి పోయాయి. ఏ తోట ఏ ఏడాది నాటారు, ఏ రకం, ఎవరి దగ్గర కొమ్మ తెచ్చి నాటారు అన్న చిట్టా ఎవరూ రాసిపెట్టలేదు. బరోసా వాళ్లు తీగల వయసుకు పట్టిక రాసుకున్న అవే రోజుల్లో మన పట్టిక రియల్ ఎస్టేట్ బ్రోచర్లలో ధరల పట్టికగా అచ్చయింది.

అందరూ ఓడలేదు. అల్వాల్‌కు చెందిన చింతల వెంకట్ రెడ్డి మట్టినే మందుగా వాడే సాగు పద్ధతులతో ద్రాక్ష పండించి చూపారు. 2020లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రంలో ఇప్పటికీ ఎన్నో ద్రాక్ష రకాలు బతికే ఉన్నాయి. కానీ ఒకరిద్దరు పట్టుదలగల మనుషులు, ఒక పరిశోధన కేంద్రం కలిసి ఒక సీమను నిలబెట్టలేవు.

ఈ కథలో మరీ బాధపెట్టే మలుపు చివర్లో ఉంది. నీళ్లు లేకనే కదా తోటలు పోయాయి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో నీళ్లు ఉన్నాయి. చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్‌కు 2020 ఏప్రిల్‌లో గోదావరి నీళ్లు చేరాయి. మరుసటి నెలలోనే కొండపోచమ్మ సాగర్‌కు, ఆ తర్వాత మల్లన్న సాగర్‌కు వచ్చాయి. ఏళ్ల తరబడి బోర్లను నమ్ముకుని అప్పులపాలైన ఊళ్లు ఇప్పుడు వరినాట్లతో పచ్చబడ్డాయి. రాష్ట్రానికి ఉన్న ఒకే ఉద్యాన విశ్వవిద్యాలయం, కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో, ఇదే జిల్లా ములుగులో, అదే రాజీవ్ రహదారి ఒడ్డున ఉంది. ద్రాక్ష పరిశోధన కేంద్రం కూడా ఆ విశ్వవిద్యాలయం కిందిదే. నీళ్లు వచ్చాయి, విద్య వచ్చింది, దారి పడింది. వీటి కోసం ఎదురుచూడవలసిన తీగలు మాత్రం లేవు. ఇరవై ఏళ్లు ముందు ఈ నీళ్లు వచ్చి ఉంటే మన ముసలి తోటలు కొన్నైనా మిగిలేవి.

ఎవరి తప్పని అడిగితే ఒక్క పేరు చెప్పలేం. రైతు ఆ ఏటి అప్పు చూసుకున్నాడు. వ్యాపారి ఆ వారం ధర చూశాడు. ప్రభుత్వం ఆ అయిదేళ్ల లెక్క చూసింది. తినేవాళ్లం మనం ఆ పూట గింజ లేని పండు చూసుకున్నాం. 35 ఏళ్లకు విలువ వచ్చే చెట్టును ఇన్ని చిన్న లెక్కల నడుమ నిలబెట్టేవాడు లేకపోయాడు. బరోసాలో పండు కొని తోటను నిలబెట్టిన నలుగురు మనుషులు ఉన్నారు. కాలిఫోర్నియాలో ఇళ్లలో చేసుకునే ఒక చిన్న వెసులుబాటు ఉంది. మారిబోర్‌లో ఒక తీగను తనదనుకున్న ఊరు ఉంది. మన దగ్గర ఆ మూడింట్లో ఒక్కటి ఉన్నా ఈ కథ ఇంకోలా ఉండేది.

పోయిన తోటలు తిరిగి రావు. కానీ తీగ పూర్తిగా చావడం కష్టం. పాత ఇళ్ల వాకిళ్లలో, చర్చి ఆవరణల్లో, అమ్మకుండా మిగిలిన పెరళ్లలో ఒకటీ అరా అనాబ్-ఎ-షాహి పందిళ్లు ఇంకా ఉండే అవకాశం ఉంది. మీ ఇంట్లో, మీ ఊళ్లో అలాంటి పాత తీగ ఉంటే దాన్ని కొట్టెయ్యకండి. ఎప్పుడు నాటారో, ఎక్కడి కొమ్మ తెచ్చారో తెలిసిన పెద్దలు ఇంకా ఉండగానే అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టండి. వయసుకు ఆధారం లేకపోతే ముసలి తీగ ముసలిదని ఎవరూ ఒప్పుకోరు. అక్టోబర్ కత్తిరింపులో తీసేసిన ముదురు కొమ్మలను పారెయ్యకుండా, పెన్సిల్ లావున నాలుగు కన్నులు ఉన్న ముక్కలు కోసి, తడి గోనెసంచిలో చుట్టి రాజేంద్రనగర్ కేంద్రానికో ములుగు విశ్వవిద్యాలయానికో చేర్చండి. విశ్వవిద్యాలయం వారికి ఒక్క విన్నపం: నీళ్లు వచ్చిన ఈ జిల్లాలో రెండెకరాలైనా తీసి ఆ కొమ్మలను మంచి వేరుమొక్క మీద అంటుకట్టి నాటండి, పక్కనే నల్ల రకాలూ కలిపి నాటండి, నాటిన తేదీ రాతి మీద చెక్కించండి. ఆ తోటను కనీసం 35 ఏళ్ల పాటు ఎవరూ అమ్మకూడదని, పీకకూడదని ఇప్పుడే కట్టుదిట్టం చేయండి.